పిన్నలకు మోటారు సారథ్యము



ఈ సాయంకాలమున నేను మాటలాడబూనిన విషయము మోటారుబండి నడపుట. ఇంకను స్పష్టముగా చెప్పవలెనన్న, పదునెనిమిదేండ్ల ప్రాయమున కారు చేతబట్టు మన పిల్లలకు దానిని అదుపులో నుంచుకొను నేర్పును, అపాయమును తప్పించుకొను జాగ్రత్తను ఎట్లు అలవఱుపవలెనను విషయము. ముప్పదిమూడేండ్లు బడిలో వ్యాకరణమును, కావ్యములను చెప్పిన పంతులునకు దీనితో నేమి పని యని మీలో కొందఱు అనుకొనవచ్చును. నేర్పుట యనునది నా వృత్తి. ఏ విద్యయందైనను ఏది ముందో, ఏది వెనుకయో యెఱిగి నేర్పవలెను. అక్షరములు రాని వానికి సంధిసూత్రములు చెప్పినచో కాలము మాత్రము వ్యర్థమగును. మోటారు విద్యయందు క్రమము తప్పినచో ప్రాణమే పోవును. కావుననే యీ విషయము నెత్తుకొంటిని.

మన తాతలనాడు ఎద్దుబండి తోలుట యెవ్వరును పాఠముగా చెప్పలేదు. బాలుడు ఏడెనిమిదేండ్ల వాడైనది మొదలు తండ్రి ప్రక్కను బండిమీద కూర్చుండెడివాడు. వాగు దాటునపుడు పగ్గమెట్లు బిగింపవలెనో, పల్లమున నెద్దుల నెట్లాపవలెనో, చీకటిలో ఎదురుబండి గంటలు వినబడగానే యెటు తొలగవలెనో యేండ్ల తరబడి చూచి, పిమ్మట పగ్గము చేతబట్టెడివాడు. అంతియే కాదు. ఆ యెద్దులకును కొంత బుద్ధి కలదు. తోలువాడు కునికినను అవి గోతిని తప్పించుకొని యింటిదారి పట్టెడివి. నేటి చిన్న కారునకు డెబ్బది యెనుబది గుఱ్ఱముల బలము కలదు గాని ఒక యెద్దునకున్న బుద్ధి లేదు. బలము పెరిగినది, పెద్దల ప్రక్కను కూర్చుండి నేర్చుకొను ఆ దీర్ఘమైన శిష్యరికము మాత్రము పోయినది. మన కష్టమంతయు నిందే యున్నది.

ఆ కష్టమెంతటిదో వినుడు. 2022వ సంవత్సరమున మన దేశమునందు రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. అందు నూటికి డెబ్బది మరణములకు పైగా మితిమీఱిన వేగమువలన సంభవించినవే.

అంకెలు మనస్సునకు దూరముగా నుండును గనుక, మా ప్రాంతమున కొన్నేండ్ల క్రిందట జరిగిన యొక సంగతి చెప్పెదను. నాయొద్ద చదువుకొన్న బాలుడొకడు పదియవ తరగతి మంచి మార్కులతో నుత్తీర్ణుడయ్యెను. తండ్రి మురిసిపోయి, పదునాఱేండ్లయినను నిండకయే కారు తాళము వానిచేతి కిచ్చెను. పిల్లవాడు నలుగురు చూచి మెచ్చునట్లుగా బండి నడపెడివాడు. సంక్రాంతికి ముందొకనాడు చీకటి పడుచుండగా స్నేహితులను ముగ్గురను ఎక్కించుకొని పొరుగూరికి బయలుదేరెను. దారిలో రైతులు రోడ్డుమీద ధాన్యము ఆఱబోసి, రాశిచుట్టును రాళ్లు పేర్చియుండిరి. అవి కానవచ్చునప్పటికే దగ్గఱపడినవి. బాలుడు బండిని ప్రక్కకు త్రిప్పెను. ఎడమచక్రములు తారు దిగి మట్టిలో పడినవి. వెఱచి స్టీరింగును ఒక్కసారిగా కుడివైపునకు లాగెను. బండి అడ్డముగా తిరిగి కల్వర్టుగోడను కొట్టి క్రిందికి దొర్లెను. నడపినవాడు బ్రదికెను. వాని ప్రక్కను కూర్చున్న స్నేహితుడు బ్రదుకలేదు.

ఆ తండ్రి నాతో "మావాడు బండి బాగుగనే నడపునే, మాస్టారూ" అని మఱల మఱల చెప్పి యేడ్చెను. ఆతడు చెప్పినది అబద్ధము కాదు. ఆ బాలునకు బండిని నడపుట వచ్చును. రానివి వేఱు కలవు. అవి యేవో, వానిని నేర్పుట యెట్లో నేడు విన్నవించెదను.

ముందుగా చట్టము చెప్పునది తెలిసికొందము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి పదునెనిమిదేండ్లు నిండనివాడు బహిరంగ మార్గమున కారు నడపరాదు. పదునాఱేండ్లవారికి గేరులేని 50 సి.సి. లోపు చిన్నబండికి మాత్రమే అనుమతి కలదు. మన యూళ్లలో తిరుగు 100, 125 సి.సి. బండ్లు ఆ కోవలోనివి కావు. 2019లో జరిగిన సవరణ మఱింత కఠినమైనది. లైసెన్సు లేని మైనరు బండి నడపి నేరము చేసినచో, ఆ నేరమునకు సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడగును. తనకు తెలియకుండ జరిగినదనియో, ఆపుటకు తగిన జాగ్రత్త తీసికొంటిననియో ఆతడు రుజువు చేసికొననిచో, మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింతురు. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొఱకదు. పదునెనిమిది నిండినపిమ్మట లెర్నరు లైసెన్సు తీసికొని, బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని "ఎల్" అక్షరము కట్టి, లైసెన్సు గల పెద్దవాని ప్రక్కను కూర్చుండబెట్టుకొని నేర్చుకొనవలెను. ముప్పది దినములైనను గడచినగాని పరీక్షకు వెళ్లరాదు. లెర్నరు లైసెన్సు ఆఱు నెలలు చెల్లును. నా మాట విందురేని ముప్పది దినములకే తొందరపడక, ఆ యాఱునెలలను పూర్తిగా నుపయోగించుకొనుడు.

ఇక విద్యను గూర్చి. దీనిని నేను మూడు భాగములుగా చేసెదను. మొదటిది చేతి నేర్పు, రెండవది కంటి నేర్పు, మూడవది మనోనిగ్రహము. గడచిన వేసవిలో మా మనుమనికి పదునెనిమిదేండ్లు నిండినవి. ఊరి వెలుపల చెట్టు చేమ లేని గట్టి బీటినేల యొకటి కలదు. యజమాని యనుమతితో అచ్చటనే వానికి ఈ క్రమమున నేర్పితిని.

చేతి నేర్పు కూర్చుండుటతో నారంభమగును. వీపు పీఠమునకు పూర్తిగా ఆనవలెను. బ్రేకు నడుగంట త్రొక్కినప్పుడును మోకాలు కొంచెము వంగియే యుండవలెను. చేయి చాచినచో మణికట్టు స్టీరింగు చక్రము పైయంచున నిలువవలెను. చేతులు గడియారమునందలి తొమ్మిదవ, మూడవ అంకెల తావుల నుండవలెను. పిమ్మట అద్దములు, పిమ్మట సీటుపట్టీ. ఈ పట్టీ యొక వార్ పొట్టమీద గాక తుంటియెముకలమీద, మఱియొకటి మెడమీద గాక భుజముమీద నుండవలెను. నేడు మనము వాడు ఈ మూడు కొనల పట్టీని 1959లో స్వీడను దేశమునందలి వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ అను ఇంజనీరు రూపొందించెను. ఆ సంస్థ దానిని ఇతర సంస్థలును వాడుకొనుటకు విడిచిపెట్టినది. గాలిసంచి యున్నది గదా, పట్టీ యేల యని కొందఱందురు. గాలిసంచి పట్టీకి తోడు మాత్రమే. పట్టీ లేక ముందునకు తూలువానిని, క్షణములో పదియవవంతు కాలముకూడ పట్టక ఉబ్బు ఆ సంచియే గాయపఱుపగలదు. వెనుక కూర్చున్నవారికిని పట్టీ తప్పదు.

మొదటివారము నడకకన్న మించిన వేగమున పోనీయలేదు. క్లచ్చిని మెల్లగా వదలుట, సున్నముతో గీచిన గీతకడ ముందుచక్రము నాపుట, వెనుకకు తిన్నగా వచ్చుట, ఇవియే పాఠములు. మనుమడు విసిగి, "తాతయ్యా, ఇది నడపుటయా, ప్రాకుటయా?" అనెను. "ప్రాకనివాడు నడువడు, నాయనా" అని నవ్వితిని.

రెండవవారమున ఒక పరీక్ష పెట్టితిని. దీనిని ప్రతి తండ్రియు చేసి చూపవలెనని నా కోరిక. నేలపై గీత గీచి, 20 కిలోమీటర్ల వేగమున వచ్చి గీతకడ గట్టిగా బ్రేకు త్రొక్కుమంటిని. బండి యెచ్చట నిలుచునో ముందుగా ఊహించి యొక రాయి పెట్టుమంటిని. బండి నాలుగంగలు పోయి నిలిచినది. రాయి సరిగానే యుండెను. ఇప్పుడు 40 కిలోమీటర్ల వేగమునకు రాయి పెట్టుమంటిని. వేగము రెట్టింపు గదా యని ఎనిమిదంగల దూరమున పెట్టెను. బండి ఆ రాతిని దాటి, పదునాఱంగలు పోయి నిలిచినది. పిల్లవాడు దిగి, తానే మఱల అంగలు వేసి కొలిచి, మాటలాడక నిలుచుండెను. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగు రెట్లగును. ఈ సూత్రమును నోటితో వంద మాఱులు చెప్పినను అబ్బనిది, ఆ రాతిని చూచినంతనే అబ్బినది.

దీనికి తోడు మఱియొకటి. అపాయమును కన్ను చూచినపిమ్మట కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒక సెకను పట్టును. 60 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులో బండి 16 మీటర్లకు పైగా పరుగెత్తును. ఆపై బ్రేకు పట్టి ఆగుటకు మంచి పొడిరోడ్డుమీద మఱి 20 మీటర్లు. తడిరోడ్డుమీద నింకను హెచ్చు.

ఇప్పుడు బ్రేకు త్రొక్కు విధము. పాతబండ్లలో బ్రేకు గట్టిగా బిగించినచో చక్రములు తిరుగుట మాని జాఱును; జాఱు చక్రమునకు స్టీరింగు వశము కాదు. అప్పుడు కాలు కొంచెము సడలించి మఱల త్రొక్కవలెను. 2019 నుండి మన దేశమున అమ్ముడగు క్రొత్త కార్లకు ఏ.బి.ఎస్. అను సాధనము తప్పనిసరి. అది చక్రములు బిగిసిపోకుండ కాపాడును. ఆ బండిలో ఆపదసమయమున బ్రేకును పూర్ణబలముతో త్రొక్కి పట్టి, స్టీరింగును పోవలసిన దిక్కునకు త్రిప్పవలెను. అప్పుడు పాదము క్రింద పెడలు గడగడ వడకును. తెలియని పిల్లవాడు బండి చెడినదనుకొని కాలు తీయును. కావున ఆ వడకును బీటినేలపై ముందే యెఱుకపఱుపవలెను.

చక్రము తారు దిగినప్పుడు చేయవలసినది వేఱు. అంతకుముందు చెప్పిన బాలునకు తెలియనిది ఇదియే. చక్రములు మట్టిలో పడినంతనే స్టీరింగును లాగరాదు, బ్రేకును గట్టిగా త్రొక్కరాదు. చక్రమును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరునుండి కాలు తీసి, మట్టిలోనే కొంతదూరము పోనిచ్చి, వేగము బాగుగా తగ్గినపిమ్మట మెల్లగా రోడ్డెక్కవలెను. టైరు పగిలినప్పుడును ఇదే నియమము. భయము చేతిని లాగుమనును, అభ్యాసము నిలుపుమనును.

ఇక కంటి నేర్పు. క్రొత్తగా నేర్చువాడు బండి ముందుభాగమును చూచుచు నడపును. వానిచేత దూరముగా చూపింపవలెను. కన్ను ఎటు పోయిన చేయి అటు పోవును. గోతిని చూచుచు నడపువాడు గోతిలోనే దింపును, ప్రక్కనున్న ఖాళీని చూచువాడు ఖాళీలోనికి పోవును. నేను ప్రక్కను కూర్చుండి మనుమనిచేత కనబడినదెల్ల బయటికి చెప్పించుచు నడపించితిని. "ముందు బఱ్ఱెలు. ఎడమప్రక్క ఆగిన ఆటో, తలుపు తెఱవవచ్చును. బడిపిల్లవాడు సైకిలుమీద, వెనుక చూచుట లేదు." ఇట్లు చెప్పుచు నడపినచో ఏది చూచుచున్నాడో, ఏది చూచుట లేదో గురువునకు తెలియును.

ముందుబండికి ఎంత యెడముండవలెననుటకు సులభమైన లెక్క కలదు. ముందుబండి యొక చెట్టును దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అని మెల్లగా లెక్కింపవలెను. లెక్క ముగియకమునుపే మనము ఆ చెట్టును చేరినచో మిక్కిలి దగ్గఱగా నున్నామన్నమాట. వాననాడు ఈ లెక్కను రెట్టింపు చేయవలెను. తొలకరి చినుకులు పడినప్పుడు రోడ్డుపై పేరుకొన్న నూనెజిడ్డు, దుమ్ము తడిసి మిక్కిలి జాఱుడుగా నుండును. నాట్లకాలమున ట్రాక్టరు చక్రములనుండి పడిన బురదయు నట్టిదే.

రాత్రియందు దించిన దీపముల వెలుగు సుమారు 40, 50 మీటర్ల వఱకు మాత్రమే తేటగా చూపును. 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి యాగుటకు 55 మీటర్లకు పైగా కావలెను. అనగా కనబడినపిమ్మట ఆపుట యసాధ్యము. వెనుకదీపము లేని చెఱకుట్రాక్టరో, నల్లబఱ్ఱెయో, ధాన్యపురాశియో ఆ చీకటిలో నుండవచ్చును. వెలుగు చూపునంత దూరములో నాగగల వేగమే రాత్రివేగము. చేతిఫోను సంగతి యొక్కమాటతో చెప్పెదను. 60 కిలోమీటర్ల వేగమున రెండు సెకనులు ఫోనును చూచినవాడు 33 మీటర్లు కన్నులు మూసికొని నడపినట్లే.

మూడవది మనోనిగ్రహము. చేతి నేర్పు హెచ్చుకొలది ప్రమాదములు తగ్గునని మనము తలంతుము. లోకానుభవము దీనికి విరుద్ధముగా నున్నది. నార్వే దేశమున మంచు హెచ్చు, రోడ్లు జాఱును. 1979లో ఆ దేశమువారు క్రొత్తగా లైసెన్సు పొందినవారికి జాఱుడునేలపై బండిని అదుపు చేయు శిక్షణ నేర్పాటు చేసిరి. పిమ్మట పరిశీలింపగా, ఆ శిక్షణ పొందిన యువకులలో జాఱుడురోడ్డు ప్రమాదములు తగ్గలేదు సరికదా, హెచ్చినవి. జాఱినను నిలుపుకొనగలనను ధైర్యము వారికి కలిగినది. ఆ ధైర్యము వేగమును పెంచినది. దీనివలన నేర్పరాదని కాదు. అదుపు తప్పినపిమ్మట ఏమి చేయవలెనో చెప్పుచునే, అదుపు ఎంత సులభముగా తప్పునో, మన శక్తి ఎంత స్వల్పమో చూపి నేర్పవలెనని. నా బీటినేలపై రాయి చేసిన పని యిదియే.

మహాభారత విరాటపర్వమున ఉత్తరకుమారుని కథ మీరందఱు ఎఱిగినదే. అంతఃపురమున స్త్రీల యెదుట, సారథి దొఱకినచో కౌరవసేనను గెలిచెదనని పలికెను. సేనను చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. అర్జునుడు వానిని పరిహసించి విడిచిపెట్టలేదు. పట్టి తెచ్చి, ధైర్యము చెప్పి, పగ్గములు వానిచేతనే పెట్టి, తాను వెనుక నిలిచి రథమును నడపించెను. ఆ బాలుడు ఆనాడు మంచి సారథి యయ్యెను. మన పిల్లలును ఉత్తరకుమారులే. స్నేహితులయెదుట ప్రగల్భములు పలుకుట వయోధర్మము. ముందుచూపును, నిగ్రహమును వహించు మెదడుభాగము ఇరువది దాటిన కొన్నేండ్లకు గాని పూర్తిగా పరిపక్వము కాదని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున పరిహాసమును వద్దు, విడిచిపెట్టుటయు వద్దు. ప్రక్కన నుండుట కావలెను.

తోడి వయస్సువారు బండిలో నున్నకొలది యువకుని ప్రమాదభయము హెచ్చునని పలుదేశముల పరిశోధనలు తెలుపుచున్నవి. ఈ కారణముననే న్యూజీలాండువారు 1987లో లైసెన్సును అంచెలుగా నిచ్చు పద్ధతిని పెట్టిరి. క్రొత్తవాడు కొంతకాలము రాత్రివేళ ఒంటరిగా నడపరాదు, స్నేహితుల నెక్కించుకొనరాదు. మన చట్టమున నట్టి నియమము లేకున్నను, మన యింట పెట్టుకొనుటకు ఎవ్వరును అడ్డురారు. మా యింట పెట్టిన నియమములివి: లైసెన్సు వచ్చిన మొదటి ఆఱునెలలు పెద్దవారు లేక రాత్రి ప్రయాణము లేదు, స్నేహితుల నెక్కించుకొనుట లేదు, ఫోను సంచిలో నుండవలెను, పట్టీలన్నియు బిగించిన పిమ్మటనే ఇంజను, ఆలస్యమైనచో ఎవ్వరును కోపింపరు. ఈ కడపటి నియమము చిన్నదిగా తోచును. తండ్రి తిట్టునను భయముతో వేగము పెంచిన బిడ్డ లెందఱో కలరు.

పెద్దలారా, మన నడవడిని గూర్చియు నొకమాట. పిల్లవాడు పదునెనిమిదవ యేట నేర్చుకొనుట లేదు. పదియేండ్లుగా వెనుకసీటునుండి మనలను చూచుచునే యున్నాడు. మనము శిరస్త్రాణము లేక తిరిగి, తప్పుదారిలో పోయి, త్రాగి నడపి, వానికి మాత్రము సూత్రములు చెప్పినచో వాడు మన మాటను విడిచి మన నడతనే పట్టును. ఊరుమ్మడిగా చేయదగిన పనులును కలవు. ధాన్యము ఆఱబోయుటకు రోడ్డును విడిచి వేఱొక తావు చూపుడు. ట్రాక్టరు తొట్టెలకు వెనుక మెఱయు ఎఱ్ఱపట్టీలు అంటింపుడు. రోడ్డుప్రక్కనున్న గోడలేని బావులకు పిట్టగోడలు కట్టింపుడు. ఎవనికైనను ప్రమాదము జరిగినచో భయపడక 108కి ఫోను చేయుడు. ఆ సేవ 2005లో మన హైదరాబాదులోనే మొదలైనది. గాయపడినవానికి సద్బుద్ధితో సహాయము చేసినవానిపై కేసు లుండవని 2019 సవరణ రక్షణ కల్పించినది.

వచ్చు సంక్రాంతికి మీ యింటి పిల్లవాడు కారు తాళ మడుగవచ్చును. వయస్సు చాలనిచో లేదని చెప్పుడు. ఒకదినము అలిగినను మఱునాడు అన్నము తినును. వయస్సు నిండినచో తాళ మిచ్చి, మీరును ప్రక్కసీటులో కూర్చుండి పట్టీ బిగించుకొనుడు. ఊరి వెలుపలి నేలకు తీసికొనిపోయి, ముందుగా ఒక గీత గీచి, ఒక రాయి వానిచేతి కిండు.

సెలవు.